తోటమిద్దెలో కదిలే బండ

ఆయనంటే నాకు అసూయ. పోయిన మనిషి మీద అసూయేమిటని మీరు అనుకోవచ్చు. ఆయన ఉన్నప్పుడే మొదలైంది, పోయాక ఇంకాస్త ముదిరింది. దాచుకుని లాభం లేదు కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను.

నంద్యాల బస్టాండు దగ్గర సున్నమూ జాజూ అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉంది. మా ఇంటికి వెల్ల వేయించాలని మొన్న అక్కడ ఆగాను. కొట్టతను సున్నం తూస్తూ తలెత్తకుండానే అడిగాడు.

"మేస్త్రీ పోయినాడంట గదా సార్, తెలుసునా మీకు?"

"ఏ మేస్త్రీ?"

"అదే సార్, ఆళ్లగడ్డలో తోటమిద్దె బాగుచేసినాయప్ప. పాణ్యం ఆయన. పోయిన వారం."

సంచీ అక్కడే పెట్టేసి నిలబడిపోయాను. అయ్యో అనిపించింది, నిజమే. కానీ దానికంటే ముందు, తోటమిద్దెను బాగుచేసింది ఆయనొక్కడేనా, మరి నేనో, అనిపించింది. మనిషి పోయాడని విన్న నిమిషంలో నా బుద్ధి పోయిన దారి అది.

తోటమిద్దె ఆళ్లగడ్డ ఊరి చివర ఉంటుంది. మా టీచరమ్మ తాతగారు కట్టించిన మిద్దె. చుట్టూ ఆయన ఎక్కడెక్కడి నుంచో తెప్పించి పెంచిన చెట్లు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఆమెను ఊరంతా టీచరమ్మ అనే పిలుస్తుంది. అన్నదమ్ములందరూ వద్దనుకున్న ఆ పాత మిద్దెను పట్టుబట్టి తన వాటాకు రాయించుకుంది. గోడల్లో రావి మొక్కలు, గదుల్లో గబ్బిలాలు, తోట నిండా సర్కారు తుమ్మ. తొంభైల మధ్యలో ఒకరోజు మా కాలేజీకి వచ్చి, "మా తోటలో చెట్లకు పేర్లు చెప్పేవాళ్ళు కావాలి" అంది. బాటనీ లెక్చరర్ని నేను. ఎగిరి గంతేశాను.

మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం నంద్యాలలో పొద్దున బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేవాణ్ణి. తుమ్మ కొట్టించాను. పొదలు తీయించాను. లోపల ఒక్కొక్క చెట్టూ బయటపడుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. నాగలింగం, ఆకాశమల్లె, నల్లమల నుంచి తెచ్చి పెట్టినవి ఎన్నో. ప్రతి చెట్టు మొదట్లో ఒక చిన్న బేతంచెర్ల బండ పాతి, దానిమీద ఒక అంకె చెక్కి ఉంది. అంకెలే తప్ప పేర్లు లేవు. ఆ అంకెలు ఏ లెక్కన వేశారో తేల్చాలని నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. చెట్ల కుటుంబాల వారీగా సర్ది చూశాను, పూసే కాలాన్ని బట్టి చూశాను, తెచ్చిన ఊళ్ళను బట్టి చూశాను. ఏదీ కుదరలేదు. కుదరకపోయినా, కుటుంబాల వారీగానే అని ఒక వ్యాసం రాసి చదివాను కూడా. ఆ తోట నాదైపోయింది, మనసులో. మిద్దె టీచరమ్మది, తోట నాది.

అప్పుడొచ్చాడు ఆయన. గోడల కోసం వచ్చాడు.

ఆయన రాక ముందు నా సలహా మీద ఒక గదికి సిమెంటు పూత వేయించాం. అది నల్లరేగడి నేల. ఎండాకాలం పగుళ్ళిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఒక్క వానకే నా సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచింది. పాత పద్ధతిలో గానుగ సున్నం పని తెలిసిన మనిషి పాణ్యంలో ఒకడున్నాడని ఎవరో చెబితే టీచరమ్మ కబురు పెట్టింది. అరవై దాటిన మనిషి, సన్నగా, తలకు తువ్వాలు, చేతిలో గోనెసంచి. వచ్చిన రోజు పని మొదలుపెట్టలేదు. గోడకు ఎదురుగా గొంతుక్కూర్చుని మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ వక్క నమిలాడు. నేను అటూ ఇటూ తిరిగి, ఉండబట్టలేక అడిగాను.

"ఏం చేస్తున్నావు మేస్త్రీ?"

"పరిచయం చేసుకుంటాండా సార్."

తర్వాత లేచి ఎడమచేతి వేళ్ళ కణుపులతో గోడను తడుతూ, చెవి ఆనించి పోయాడు. "ఈడ బాగుంది. ఈడ డొల్ల. ఈడా డొల్లనే." నా సిమెంటు గది దగ్గరకొచ్చాక తట్టలేదు, చెవి పెట్టలేదు. ఉలి తీసి పెచ్చులు రాల్చడం మొదలుపెట్టాడు. ఎవరు వేయించారని అడగలేదు, నేను చెప్పనూ లేదు. అడిగి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పి బయటపడేవాణ్ణి. ఆ అడగకపోవడానికే నాకు ఒళ్ళు మండింది.

ఆయన పనితీరు చూడాలి మీరు. పెరట్లో రాతి గానుగ ఒకటి మట్టిలో కూరుకుపోయి ఉంటే తవ్వి తీయించాడు. ఉయ్యాలవాడ నుంచి ఒక రైతు జత ఎద్దులతో వచ్చి దాన్ని తిప్పేవాడు. సున్నం వెన్నలా నలిగేదాకా తిప్పాల్సిందే. కరక్కాయలు దంచి బెల్లం నీళ్ళలో నానబెట్టిన తొట్లు వరసగా పెట్టించాడు. మిద్దంతా పులిసిన వాసన. ఆ నీళ్ళు కలిపిన గారను చిటికెన వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇంగా కరుస్తాంది. రేపు చూద్దాం." ఒకసారి నేనూ ఎవరూ చూడకుండా వేలితో తీసి నాకి చూశాను. రెండు రోజులు నాలుక మీద బొబ్బ.

పదిరోజులు తిరగకముందే టీచరమ్మ ఆయన్ని "అన్నా" అని పిలవడం మొదలుపెట్టింది. "అన్నా, కాఫీ తాగి పో." "అన్నా, ఈ తలుపు ఎట్లంటావు?" మూడేళ్ళుగా ప్రతి ఆదివారం వస్తున్న నన్ను మాత్రం "సార్" అనే పిలిచేది. నాకూ కాఫీ ఇచ్చేది, కాదనను. స్టీలు గ్లాసులో కాదు, కప్పూ సాసరులో. కప్పూ సాసరూ చుట్టాలకిచ్చేవి, నాకు తెలీదా?

ఇదంతా ఓర్చుకున్నాను. గోడలు ఆయనవి, తోట నాది అని సరిపెట్టుకున్నాను. ఒక ఆదివారం ఆయన సంచీ దులుపుకుంటూ వచ్చి, "కరక్కాయలు అయిపోయినాయి సార్. తోటలో యాడన్నా చెట్టుందా?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. లాటిన్ పేరుతో సహా చెప్పి, ముందు నడిచి, మిద్దెకు తూర్పు పక్క వసారాకు పదిహేనడుగుల దూరంలో ఉన్న పెద్ద చెట్టు చూపించాను. ఆయన చెట్టు వంక కాదు, మొదట్లో ఉన్న బండ వంక చూశాడు. చదువు రాకపోయినా అంకెలు తెలుసు.

"రెండు అని ఉందే. ఒకటి యాడుంది సార్?"

"బావి పక్కన. చిల్లచెట్టు."

చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే మురికి నీళ్ళు తేరుకుంటాయి. ఆయనకు నేను చెప్పనక్కర్లేకపోయింది. తల ఊపి, "మూడు?" అన్నాడు.

"కానుగ."

"నాలుగు?"

"కుంకుడు."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. వక్క నోట్లోంచి పడిపోతుందేమో అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "ఈ తోటేసినాయప్ప మేస్త్రీనా ఏందీ? ఇల్లు కట్టే వరస గదా సార్ ఇది! ముందు నీళ్ళు తేటగా ఉండల్ల. ఆమీట సున్నంలోకి కరక్కాయ. ఆమీట తలుపులకు చెద పట్టకుండా కానుగ నూనె. కడాకు బండలు కడుగుకునేదానికి కుంకుడు. అయిదేంది, మామిడా?"

అయిదు మామిడే.

"ఇంట్లోకి చేరేటప్పుడు తోరణం వద్దా మరి?" అని ఆయన నాలుగు కరక్కాయలు ఏరుకుని సంచీలో వేసుకున్నాడు.

మూడేళ్ళు. బస్సు ఛార్జీలు, ఎండలు, ముళ్ళు, పుస్తకాలు, ఆ చదివిన వ్యాసం. ఆయనకు పట్టింది ఒక వక్క నమిలేంత సేపు. నాకు తల కొట్టేసినట్టయింది. "కాకతాళీయం కూడా కావచ్చు మేస్త్రీ" అన్నాను.

"అట్లనేమో లే సార్" అని ఆయన పనికి వెళ్ళిపోయాడు. వాదించి ఉంటే బాగుండేది. ఒక్క మాట వాదించి ఉంటే నేను ఆయన్ని అంత ద్వేషించేవాణ్ణి కాదు.

ఆ కోపం ఎక్కడ తీర్చుకోవాలో తెలియక గోడల మీద పడ్డాను. మిద్దెకు తూర్పు వసారా గోడ తిన్నగా ఉండదు. నాలుగు బారలు తిన్నగా వచ్చి, ఒకచోట మూరెడు లోపలికి వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఎవరు చూసినా తప్పుబట్టే వంకర. మరుసటి ఆదివారం టీచరమ్మ ముందే అన్నాను. "ఇంత చేస్తున్నావు, ఈ వంకర తీసెయ్ మేస్త్రీ. పాతకాలం వాడెవడో తాగి కట్టినట్టున్నాడు."

"చూస్తా సార్" అన్నాడు. పునాది చూడకుండా గోడ ముట్టడు ఆయన. మధ్యాహ్నానికి ఆ వంపు దగ్గర వసారా బండ ఒకటి లేపించి, కింద తవ్వాడు. నేను తోటలో చెట్లకు రేకు పలకలు కడుతున్నాను, పేర్లు రాసినవి. అటునుంచి కేక వినపడింది.

"సార్! బేగా ఒకసారి రాండి. చూపిస్తా."

"తీరిక లేదు" అన్నాను.

కాసేపాగి ఆయనే తోటలోకి వచ్చాడు. మోచేతుల దాకా మట్టి. ముఖం వెలిగిపోతోంది. అంతకు ముందెప్పుడూ ఆయన ముఖం అట్లా చూడలేదు నేను. "మీరు చూడాల్సింది సార్. మీరే చూడల్ల. పూడ్చేస్తాండా, మళ్ళా కనపడదు."

మీరే చూడల్ల అన్నాడు. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. ఇంకో పాఠం చెప్పడానికి పిలుస్తున్నాడనుకున్నాను. "నీ పని నువ్వు చూసుకో మేస్త్రీ, నా పని నన్ను చూసుకోనీ" అన్నాను. ఆయన తాపీకి అంటిన మట్టిని వేలితో తుడుచుకున్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

పై ఆదివారం చూస్తే బండ దాని చోట అది ఉంది. గోడకు గార మెరుస్తోంది. వంకర వంకరగానే ఉంది.

"తీయలేదే?"

"నేను ముట్టను సార్."

"ఎందుకు?"

"పిలిస్తినే" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏముందో చెప్పు మేస్త్రీ అంటే సరిపోయేది. ఆ మూడు మాటలు అనడానికి మనసొప్పలేదు.

మిద్దె పని ముగిశాక టీచరమ్మ ఊళ్ళోవాళ్ళను పిలిచి భోజనాలు పెట్టింది. వచ్చినవాళ్ళకు పంచడానికి తోట గురించి ఒక చిన్న పుస్తకం రాయమంది. రాశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అంకెల సంగతి అందులో పెట్టాను. నీళ్ళు, సున్నం, తలుపులు, కుంకుడు, తోరణం, అన్నీ. "మూడేళ్ళ నా పరిశీలనలో తేలినదేమంటే" అని మొదలుపెట్టి మరీ రాశాను. మేస్త్రీ ప్రస్తావన ఎక్కడా లేదు.

భోజనాలైనాక ఆయన పాయసం గిన్నెతో వసారా గట్టు మీద కూర్చుని, "ఏం రాసినారో చదువు తల్లీ" అని టీచరమ్మను అడిగాడు. ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది. నేను అక్కణ్ణుంచి లేచి పోవాలనుకున్నాను, పోలేదు. "నా పరిశీలనలో" అన్న చోట ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. నా వంక చూడలేదు. చదువుకుంటూ పోయింది. ఆయన వింటూ తల ఊపాడు. ఎవరో వేరేవాళ్ళ సంగతి వింటున్నట్టు, బాగుందన్నట్టు.

తర్వాత ఆ వాక్యం వచ్చింది. "తూర్పు గోడలోని వంకర నాటి మేస్త్రీల అజాగ్రత్తకు గుర్తుగా అలాగే ఉంచడమైనది."

ఆయన తల ఊపడం ఆగిపోయింది.

"ఆ మాట తప్పు సార్."

"ఏ మాట?"

"గోడ మాట. చెట్ల సంగతి మీరే రాసుకోండి, దానికేం లేదు. గోడ మాట కొట్టేయాండి. ఆ గోడ కట్టినాయప్ప అట్లాటోడు కాదు."

"నీకెట్లా తెలుసు?"

"ఆ పొద్దు పిలిస్తే రాకపోతిరి" అని లేచాడు. తువ్వాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. టీచరమ్మ గేటు దాకా వెంట వెళ్ళింది. ఇద్దరూ అక్కడ నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. ఆ మాటల్లో నేనున్నానని నాకు అనుమానం. పోయి అడగలేదు.

తన బుర్రలోంచి వచ్చినదాన్ని నేను ఎత్తుకుపోతే ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. ఎప్పుడో చచ్చిపోయిన, పేరు కూడా తెలియని మేస్త్రీని ఒక మాట అంటే మాత్రం పాయసం గిన్నె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఇట్లాంటి మనిషి మీద అసూయ పడకుండా ఎట్లా ఉంటారో చెప్పండి.

ఆ మాట నేను కొట్టేయలేదు. పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది, ఆ వాక్యంతోనే. రెండువేలు దాటాక తోటమిద్దెకు కాలేజీ పిల్లలు, పొరుగూరి వాళ్ళు చూడ్డానికి రావడం మొదలైంది. నేనే తిప్పి చూపించేవాణ్ణి. ఆ తూర్పు వసారాలో, వంపు దగ్గర, ఒక బండ కదులుతుంది. కాలు వేస్తే టక్కుమంటుంది. మిద్దె మొత్తంలో కదిలే బండ అదొక్కటే. నేను ప్రతిసారీ దానిమీద కాలేసి టక్కుమనిపించి, "చూశారా, ఎంత పొగిడినా మా మేస్త్రీ పని ఇదీ" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. ఎన్నేళ్ళు చేశానో ఆ పని! టీచరమ్మ పక్కనే ఉండి వినేది. నవ్వేది కాదు, కాదనేది కాదు.

సున్నం కొట్టు దగ్గర ఆ వార్త విన్న రోజు ఇంటికి పోలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కాను. బస్సు శిరివెళ్ల దాటిందాకా ఒకటే ఆలోచన. ఆ గోడ కింద ఏముందో తెలిసిన మనిషి పోయాడు, ఇంక ఎవర్ని అడగాలి? అడగడానికి ఇన్నేళ్ళు టైముంది. పాణ్యం మీదుగా కర్నూలుకు ఎన్నిసార్లు పోలేదు నేను!

టీచరమ్మ వసారాలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి, "తెలిసిందా సార్?" అంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాను. అడిగేశాను.

"ఆ గోడ సంగతి ఆయన మీకేమైనా చెప్పాడా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"చెప్పినాడు. ఆ పొద్దే, గేటు కాడ. సార్ అడిగితే చూపించు తల్లీ, అడక్కుంటే వద్దు, చిన్నబుచ్చుకుంటాడు అన్నాడు. మీరు ఇప్పుడడిగినారు."

లేచి వచ్చి, కదిలే బండ పక్కన నిలబడింది. "దీనికి అన్న సున్నం పెట్టలేదు. మీరెప్పుడన్నా ఎత్తి చూసుకునేదానికి పూడ్చకుండా అట్లనే వదిలేసినాడు. మీరేమో పదిమందికీ దాన్ని తొక్కి తొక్కి చూపిస్తిరి."

నేను వంగి బండ అంచు పట్టుకుని లేపాను. సులువుగా లేచింది. కింద పునాదిలో ఇటుకలతో కట్టిన చిన్న కమాను. దాని కిందుగా, నా తొడంత లావు వేరు ఒకటి మిద్దె లోపలికి పోతోంది. పదిహేనడుగుల అవతల ఉన్న కరక్కాయ చెట్టు వేరు. మిద్దె కంటే ముందే ఆ చెట్టు అక్కడ ఉందన్నమాట. కట్టినవాడు వేరును నరకలేదు. గోడను మూరెడు జరిపి, కమాను కట్టి, వేరు లావెక్కుతుందని తెలిసి చుట్టూ ఖాళీ వదిలాడు. ఇన్నేళ్ళకు అది పెరిగి పెరిగి, ఇటుకకు ఇంకా రెండు వేళ్ళ సందు మిగిలి ఉంది. వేళ్ళు పెట్టి చూశాను. కమాను మీద మా మేస్త్రీ పూసిన గార. ఎవరికీ కనపడని చోట, అద్దంలా తీర్చి పూశాడు.

చెట్టు వేరు. చెట్ల పాఠాలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను. మీరే చూడల్ల అని అందుకే పిలిచాడు. ఆ మట్టిలో చేతులు పెట్టి ఆ పూట ఆ ఇద్దరు మేస్త్రీలు కలుసుకున్నారు. మూడోవాడిగా నన్ను రమ్మన్నారు. నేను రేకు పలకలు కట్టుకుంటూ కూర్చున్నాను.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన పోయినందుకు కొంత. మిగతాది నాకోసం. టీచరమ్మ లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది. కప్పూ సాసరులోనే.

పుస్తకంలో ఆ వాక్యం కొట్టేశాను. ఆ బండకు ఇప్పుడు సున్నం పెట్టిద్దామా అని ఆమె అడిగితే వద్దన్నాను. ఎవరైనా చూడ్డానికి వస్తే ఎత్తి చూపిస్తున్నాను. ఎవరు కనిపెట్టారు సార్ అని అడుగుతారు, ప్రతివాళ్ళూ అడుగుతారు. ఆయన పేరు చెబుతున్నాను, ఇంటిపేరుతో సహా. అంకెల సంగతీ ఆయనదేనని చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ వాళ్ళ ముఖాల్లో ఆయన మీద కలిగే ఆ గౌరవం చూసి నాకు కడుపులో మండుతూనే ఉంది.

ఇక్కడ కూడా ఆ పేరు రాయాలనే కూర్చున్నాను. మొదటి వాక్యం నుంచీ ఇదిగో ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటూనే వచ్చాను. చేతకాలేదు.